నాన్న పేరున గూడు

ఆ ఏడాది చేపల వేట నిషేధం మొదలైన వారంలోనే మా కొండ మీది సమాధులకు ఎర్ర రంగుతో నంబర్లు వేశారు. పడవలన్నీ ఒడ్డున కట్టేసి ఉంటాయి, మగవాళ్ళు ఇళ్ళ దగ్గర దొరుకుతారు అని రేవు కోసం ఊరు ఖాళీ చేయించే ఆఫీసువాళ్ళు ఏరికోరి ఆ వారమే పెట్టుకున్నారు. తెలివైన పనే. ఏ సమాధి ఎవరిదో చెప్పడానికి వాళ్ళకు మగవాళ్ళు కావాలి. అడగనివి కూడా చెప్పేది మగవాళ్ళేనని వాళ్ళకు అప్పటికే తెలుసనుకుంటాను.

మాది షాతౌ అనే సముద్రపు ఒడ్డు పల్లె. నేను పుట్టేనాటికి చిన్‌జౌ రేవంటే దూరంగా కనపడే రెండు క్రేన్లు. నాకు పాతికేళ్ళు వచ్చేసరికి ఆకాశమంతా అవే. పడమటి పక్క ఆల్చిప్పలు పెంచే తెప్పలు పీకేసి గోదాములు కట్టారు. ఉత్తరాన కొండలు కోసుకుంటూ కాలువ తవ్వుకొస్తున్నారు. లీచీ తోటల మధ్యనుంచి లారీలు ఎదురెదురుగా పరిగెత్తే పెద్ద రోడ్డు పడింది. మధ్యలో మిగిలింది మా ఊరు, ఊరి ముందు బురద మేట. ఇక మా వంతు వచ్చింది. మా అన్నయ్య పేరు గ్వాంగ్‌హై. వాడు రేవులో కంటైనర్ లారీ తోలేవాడు. నేను గేటు దగ్గర కంటైనర్లకు సీళ్ళు సరిగ్గా ఉన్నాయో లేదో చూసేదాన్ని. మమ్మల్ని ఖాళీ చేయిస్తున్న రేవులోనే ఇద్దరం జీతాలు తీసుకునేవాళ్ళం. దానికి సిగ్గుపడాలని గానీ ఏడవాలని గానీ నాకు అనిపించలేదు. ఆ రోజుల్లో నాకు ఏదీ ఏమీ అనిపించేది కాదు.

సమాధులు చూడటానికి వచ్చినాయన పేరు ఫాన్. నలభై దాటిన మనిషి, బట్టతల. తెల్ల బూట్లతో కొండెక్కాడు, పైకి వచ్చేసరికి అవి ఎర్రమట్టి రంగుకు తిరిగాయి. అమ్మ ఇంట్లో లేదు. సముద్రం వెనక్కి తగ్గే పాటు వేళ కదా, కూరకు పనికొచ్చే ఇసుక పురుగులు తవ్వడానికి మేట మీదికి వెళ్ళింది. నాయనమ్మ సమాధికి నంబరు వేశాక ఫాన్ పక్కదాని ముందు ఆగాడు.

"ఇదెవరిది?"

"మా నాన్నదండీ," అన్నాడు అన్నయ్య. అప్పటికే ఆయనకో సిగరెట్టు ఇచ్చి తనూ ఒకటి ముట్టించుకున్నాడు.

"ఎముకలు ఎత్తారా, ఇంకా పెట్టెలోనే ఉన్నాయా?"

"ఎత్తడానికి ఏముందండీ. సముద్రంలో పోయాడు, మనిషి దొరకలేదు. లోపల జాడీలో ఒక చొక్కా, ఒక ప్యాంటూ ఉంటాయి, అంతే."

ఫాన్ రంగు డబ్బా ఊపి, నంబరు వెయ్యాల్సిన చోట ఇంటూ గుర్తు కొట్టాడు.

"అదేంటి?" అన్నాను.

"మనిషి ఉన్న సమాధికే, సమాధులకు కేటాయించిన కొత్త కొండ మీద జాడీ పెట్టుకునే గూడు ఇస్తారమ్మా. బట్టలకివ్వరు. పక్క ఊళ్ళో చూడు, సర్వే అనగానే పరిహారం కోసం పుట్టగొడుగుల్లా సమాధులు లేచాయి. తవ్వితే ఇటుకలు."

అన్నయ్య నోట్లో పొగ నోట్లోనే ఉండిపోయింది. ఇచ్చిన సిగరెట్టు వెనక్కి అడుగుతాడేమో అనిపించేలా ఫాన్ వైపు చూశాడు. ఫాన్ అప్పటికే పక్క సమాధికి వెళ్ళిపోయాడు.

మా వైపు పోయినవాళ్ళను ముందు మట్టిలో పెడతాం. కొన్నేళ్ళకు ఎముకలు ఎత్తి, సారాతో కడిగి, కాళ్ళ దగ్గరనుంచి తలదాకా వరసగా పేర్చి జాడీలో కూర్చోబెడతాం. అలా కూర్చున్నాకే వాళ్ళు ఇంటి పెద్దల్లో కలిసినట్టు. నాన్న పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. తుఫాను వెలిశాక పడవ దొరికింది, ఆయన దొరకలేదు. అలాంటివాళ్ళకు ఊరికే జాడీలో బట్టలు పెట్టి మట్టి కప్పుతారు. ఆ బట్టలకే అమ్మ ఏటేటా అన్నం, కోడి, సారా పట్టుకెళ్ళేది. వెళ్ళిన ప్రతిసారీ, మీ పక్కన నాకు చోటుంచండి అని చెప్పి వచ్చేది.

ఆ సాయంత్రం అమ్మ వాకిట్లో కూర్చుని పురుగులు బాగుచేస్తోంది. ఒక్కొక్కదాన్ని వెదురు పుల్లతో లోపలిది బయటకు తిరగేసి, ఇసుక పోయేలా నీళ్ళలో జాడించాలి. జరిగింది అన్నయ్యే చెప్పాడు. అమ్మ చేతులు ఆగలేదు.

"లోపల ఏముందో వాళ్ళు తవ్వి చూశారా?"

"లేదు."

"మరి నీకెందుకురా అంత తొందర?"

"అడిగారు, చెప్పాను. ఏం, అబద్ధం చెప్పమంటావా?"

"సిగరెట్టు ఇవ్వడం వచ్చింది గానీ నోరు మూసుకోవడం రాలేదు."

"అమ్మా, నిజంగానే అందులో ఏమీ లేదు కదా. ఖాళీయే కదా."

అమ్మ చేతిలో పురుగును గిన్నెలో వేసి, పుల్ల పక్కన పెట్టి, నా వైపు తిరిగింది.

"సూలన్, మీ అన్నకు చెప్పు. మీ నాన్నకు గూడు వచ్చేదాకా నేను ఈ ఇల్లు కదలను. గోడలు నా మీదికి తోసినా సరే."

"నేను ఎదురుగానే ఉన్నా కదమ్మా," అన్నాడు అన్నయ్య.

"ఎదురుగా ఎవరన్నా ఉన్నారేంటే? నాకేం కనపడట్లేదు. ఖాళీగా ఉంది."

ఆ రోజునుంచి అమ్మ వాడితో మాట్లాడలేదు. ఒకే బల్ల దగ్గర జావ తాగుతూ, ఉప్పు కావాలా అని అడగమని నాకు చెప్పేది. వాడు వద్దంటే, వద్దంటున్నాడని నేను చెప్పేదాకా ఉప్పు గిన్నె పట్టుకుని కూర్చునేది. మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత నవ్వూ రాలేదు. గేటు దగ్గర సీళ్ళు చూసినట్టే ఇంట్లో వాళ్ళ మాటలు అటూ ఇటూ దాటించేదాన్ని.

లీచీలు పండే రోజులకు మా ఊరు సగం ఖాళీ అయింది. వెళ్ళినవాళ్ళు తలుపులు, కిటికీలు, మోకాలెత్తు నిమ్మమొక్కను కూడా లారీల మీద వేసుకుని వెళ్ళారు. సముద్రం వైపునుంచి లావు గొట్టాలతో ఇసుక తెచ్చి మేట మీద పోస్తున్నారు. రోజుకింత చొప్పున పురుగుల బెజ్జాలన్నీ దాని కింద పూడిపోతున్నాయి. అమ్మ మాత్రం ప్రతి పాటుకూ పొడుగు కర్ర పార భుజాన వేసుకుని మిగిలిన ముక్క మీదికి వెళ్ళి తవ్వేది. ఒకరోజు తిరిగొస్తూ బడిలో పెట్టిన ఆఫీసుకు దారి తీసింది. నేనూ వెంట ఉన్నాను.

ఫాన్ చిన్నపిల్లల బల్ల ముందు మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని టీ తాగుతున్నాడు. మోకాలిదాకా బురదతో ఉన్న అమ్మను చూసి లేచి నిలబడ్డాడు.

"మా ఆయనకు గూడు కావాలి."

"అక్కా, మీకోసం నేనూ అడిగి చూశాను. కుదరదన్నారు. ఒక పని చేయండి. ఆ బట్టలు మడిచి మీ అత్తగారి జాడీలో పెట్టెయ్యండి. తల్లీ కొడుకూ ఒకచోట ఉంటారు."

"బతికుండగా ఆవిడ నాకు కొడుకుని పూర్తిగా ఎప్పుడిచ్చింది? ఇప్పుడు నేనే మోసుకెళ్ళి అప్పజెప్పాలా?"

ఫాన్‌కు టీ పొలమారింది. మూతి తుడుచుకున్నాక మొహం మామూలుగా పెట్టాడు.

"నన్నేం చెయ్యమంటారు చెప్పండి. ఎముకంటూ ఉంటే నేను నంబరు వెయ్యనంటానా? అది కూడా ఏడో నెల రాకముందే."

మా చాంద్రమాన లెక్కలో ఏడో నెల పోయినవాళ్ళు తిరిగే నెల. అందులో ఎవరూ సమాధి ముట్టుకోరు. అది దాటేసరికి కొండ మీదికి యంత్రాలు వస్తాయి, ఇంటూ పడ్డ సమాధులు మట్టితోపాటు వెళ్ళి మేటలో పడతాయి. ఇది మాకు ఎవరూ విడమర్చి చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా. బయటికి వచ్చాక అమ్మ బడి పంపు దగ్గర కాళ్ళు కడుక్కుంది. ఎప్పుడూ గబగబా కడుక్కునేది ఆ రోజు చాలాసేపు కడుక్కుంది. నాకు ఆమె మీద జాలి వెయ్యాలి. వెయ్యలేదు. ఇంటికెళ్ళాక బట్టలుతకాలి అనుకున్నాను.

తర్వాత సెలవురోజున అమ్మ నన్ను తీరం చివర ఉన్న చిన్న గుడికి తీసుకెళ్ళింది. గుడి అంటే నడుమెత్తు సిమెంటు గది. అందులో దేవుడు లేడు, జాడీలున్నాయి. వలలో ఎముకలు పడితే తిరిగి నీళ్ళలో వెయ్యకూడదంటారు మా వాళ్ళు. ఆ పూట వేట మానేసి వాటిని ఒడ్డుకు తేవాలి, కడిగి జాడీలో పెట్టి ఈ గుడిలో ఉంచాలి. 'నీటి మీద వచ్చినవాళ్ళు' అని వాళ్ళకు పేరు. వేటకు వెళ్ళేముందు అందరూ వాళ్ళకు అగరొత్తి వెలిగించేవారు. గుడి తలుపు మీద కొత్తగా కాగితం అంటించి ఉంది. జాడీలన్నీ నగరంలో ఒకేచోట కలిపి పెడతారట.

"ఆ మూలది మీ నాన్న తెచ్చింది," అంది అమ్మ.

"నాకు తెలీదే."

"నువ్వు చిన్నపిల్లవి. ఆ రోజు చేప విరగబడి పడుతోందట, అందరి పడవలూ నిండుతున్నాయి. ఈయనొక్కడే ఖాళీ పడవ తిప్పుకుని వచ్చేశాడు. ఇంట్లో బియ్యం లేవు. నేను నోటికొచ్చినట్టు తిట్టాను."

"ఎవరివో తెలిసిందా?"

"ఎవరో ఆడమనిషి. చేతి ఎముకకు పచ్చరాతి గాజు అలాగే ఉంది. పరాయిదాన్ని సారాతో కడుగుతున్నావు, సిగ్గులేదా అన్నాను. వేలి ఎముకలు చిన్నవి కదా, పోతాయేమోనని జల్లెడలో వేసి కడుగుతున్నాడు."

అమ్మ వంగి ఆ జాడీని రెండు చేతులా ముందుకు జరిపింది. మూత మీద దుమ్ము అరచేత్తో తుడిచింది.

"ఫాన్ ఏమన్నాడే? ఎముకంటూ ఉంటే అన్నాడు కదా?"

ఆమె ఏం చెయ్యబోతోందో అప్పుడు అర్థమైంది నాకు.

"అమ్మా, ఈమె ఆడమనిషి."

"అయితే?"

"నాన్న పేరు మీద ఎలా పెడతావు?"

"ఆయనకు పేరుంది, మనిషి లేడు. ఇక్కడ మనిషుంది, పేరు లేదు. నీకేంటే అంత కష్టంగా ఉంది?"

లోపల ఏదో కదలబోయి మళ్ళీ సర్దుకుంది. జాడీని నేను ఒక పక్క, అమ్మ ఒక పక్క పట్టుకుని పురుగుల బుట్టలో పెట్టాం. అనుకున్నంత బరువు లేదు.

ఎముకలు ఎత్తే పని నొంగ్ తాతది. నాయనమ్మను ఎత్తింది ఆయనే. అమ్మ వెళ్ళి విషయమంతా దాచకుండా చెప్పింది. ఆయన చెవి గోక్కుని, "చేస్తాలే అమ్మాయ్. కానీ కొడుకు రావాలి. నాకు గొడుగు పట్టేవాడు కావాలి, నాన్నా లే అని పిలిచేవాడు కావాలి. వాడు పిలవకపోతే నేను చెయ్యి పెట్టను," అన్నాడు.

అంటే మళ్ళీ నేనే వెళ్ళాలి. అన్నయ్య రేవు బయట కొట్లో పంది కాలు వేసిన నూడుల్స్ తింటున్నాడు.

"అమ్మ చెప్పమంది. ఎల్లుండి పొద్దున నల్ల గొడుగు పట్టుకుని కొండ మీదికి రావాలి."

ఎందుకో చెప్పాను. వాడు నమలడం ఆపేశాడు.

"మీ ఇద్దరికీ ఎండ దెబ్బ తగిలిందా? ఎవరో ఆడదాన్ని పట్టుకుని నాన్నా అని పిలవాలా నేను?"

"అవును."

"నువ్వేమంటావ్?"

"నేనేమీ అనను. చెప్పమంటే చెబుతున్నా."

"నీకసలు ఏమీ అనిపించదా సూలన్?"

లేదన్నాను. నిజమే చెప్పాను. వాడు గిన్నె పక్కకు నెట్టి, వస్తాననీ రాననీ చెప్పకుండా లారీ ఎక్కి వెళ్ళిపోయాడు.

ఆరో నెల చివరి రోజు పొద్దున మేం కొండ మీద ఉన్నాం. మిగతా సమాధులన్నీ అప్పటికే తవ్వేసి గుంటలుగా ఉన్నాయి. నొంగ్ తాత నాన్న జాడీని బయటికి తీసి మూత తెరిచాడు. చొక్కా నల్లగా ముద్దకట్టుకుపోయింది, గుండీలు మాత్రం బాగానే ఉన్నాయి.

"ఇది తీసెయ్యనా?" అన్నాడు తాత.

"ఉండనివ్వండి. కింద మెత్తగా ఉంటుంది," అంది అమ్మ.

గుడి జాడీ పక్కనే ఉంది, తెరవలేదు. ఎముకల మీద ఎండ పడకూడదు. అన్నయ్య కోసం చూస్తూ ముగ్గురం కూర్చున్నాం. అమ్మ దారి వైపు చూడటం లేదు, ఆమె బదులు నేను చూస్తున్నాను. ఎండ ఎక్కుతుండగా వాడు వచ్చాడు. రేవు యూనిఫాంలోనే ఉన్నాడు, చంకలో గొడుగు. ఎవరినీ పలకరించకుండా గొడుగు తెరిచి రెండు జాడీల మీదా పట్టాడు.

తాత గుడి జాడీ మూత తీసి చెయ్యి లోపల పెట్టి ఆగాడు.

"పిలువు నాయనా."

అన్నయ్య నిలబడి ఉన్నాడు. కింద రేవులో కంటైనర్ దించిన చప్పుడు వచ్చింది. ఇంకోటి దించారు.

"నాన్నా, లే. ఇల్లు మారుతున్నాం," అన్నాడు వాడు. గేటు దగ్గర బండి నంబరు చెప్పే గొంతుతో అన్నాడు.

"మూడుసార్లు," అన్నాడు తాత.

రెండోసారీ అలాగే అన్నాడు. మూడోసారి నాన్నా అని ఆగిపోయాడు. గొడుగు ఒక పక్కకు ఒరిగింది. అమ్మ లేచి, కర్ర మీద వాడి చెయ్యి పైన చెయ్యి వేసి గొడుగు నిలబెట్టింది.

"ఎండ పడుతోందిరా," అంది.

"లే నాన్నా," అన్నాడు వాడు. "ఇల్లు మారుతున్నాం."

తాత ముందు కాళ్ళ ఎముకలు చొక్కా మీద పెట్టాడు. తర్వాత తొడలు, నడుము, వెన్ను, చేతులు. గాజును చేతి ఎముక పక్కనే నిలువుగా ఆనించాడు. చివర తల పెట్టి మొహం సముద్రం వైపు తిప్పాడు. మూత వెయ్యబోతుంటే ఫాన్ వచ్చాడు. ఎవరు చెప్పారో తెలీదు. అన్నయ్యే చెప్పి ఉంటాడని తర్వాత అనుకున్నాను, ఎప్పుడూ అడగలేదు.

ఫాన్ వంగి గొడుగు కిందనుంచి జాడీలోకి చూశాడు.

"మీ ఆయన గాజు వేసుకునేవాడా అక్కా?"

"వేసుకునేవాడు."

"పచ్చదా?"

"పచ్చదంటేనే ఇష్టం."

ఫాన్ నొంగ్ తాత వైపు చూశాడు. తాత సారా పోసుకుని చేతులు కడుక్కుంటున్నాడు.

"నేను పెట్టింది మనిషినే సార్. రాయి కాదు, ఇటుకా కాదు."

ఫాన్ సంచిలోంచి రంగు డబ్బా తీసి, పాత ఇంటూ మీదే నంబరు వేశాడు. రెండూ కలిసిపోయి ఏమీ తెలియలేదు. పక్కకు జరిగి ఇంకోసారి వేశాడు.

మా ఇల్లు ఆ మరుసటి వారమే పడగొట్టారు. అమ్మ వెళ్ళి చూడలేదు. ఇప్పుడు మేం ఉండే ఫ్లాట్ కిటికీలోంచి ఆ చోటు కనపడుతుంది, కానీ ఏది ఎక్కడుండేదో చెప్పలేను. అంతా ఒకే మట్టం, వరసలుగా ఎగుమతికి నిలబెట్టిన కొత్త కార్లు. అమ్మ పార అన్నయ్య పెళ్ళయ్యేదాకా బాల్కనీలో ఉండేది, తర్వాత ఎవరో అడిగితే ఇచ్చేసింది. మాట్లాడుకోవడానికి వాళ్ళకిప్పుడు నేను అక్కర్లేదు. ఉప్పు కోసం కూడా పోట్లాడుకుంటారు.

గూడు సంగతి చెప్పాలి. ఎముకలు పేర్చిన ఆ రోజే జాడీని కొత్త కొండకు తీసుకెళ్ళాం. అన్నయ్య వెనక సీట్లో జాడీని ఒళ్ళో పెట్టుకుని, కారులో కూడా గొడుగు తెరిచి పట్టుకున్నాడు. కొండంతా మెట్లు మెట్లుగా సిమెంటు గూళ్ళు. నాయనమ్మ పక్క గూడు మాది. దాని పక్కది ఖాళీ, అమ్మకు. అమ్మ ముందే చెక్కించి ఉంచిన పలక మీద లావ్ దెచాంగ్ అని నాన్న పేరు ఉంది. తాపీమేస్త్రీ సిమెంటు కలిపి, కానివ్వండి అన్నట్టు నిలబడ్డాడు.

అమ్మ ఒక్క నిమిషం ఆగమంది. అన్నయ్యను, తాతను కిందికి పంపింది. నేను దూరంగా వెళ్ళేలోపే గూటి ముందు చతికిలబడి, అగరొత్తి వెలిగించి, జాడీ మూత మీద చెయ్యి వేసింది. పొరుగింటావిడతో మాట్లాడినట్టు మెల్లగా మొదలుపెట్టింది.

"చూడు తల్లీ, మొహమాటపడకు. ఎన్నాళ్ళుంటావో ఉండు, ఏటా నీకూ కలిపే వండుకొస్తాను. మా ఆయన ఎప్పుడైనా వస్తే మాత్రం కాస్త జరిగి చోటియ్యి."

తర్వాత మేస్త్రీని పిలిచింది. అతను పలక ఆనించి చుట్టూ సిమెంటు పూస్తుంటే నేను మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. తొమ్మిదేళ్ళప్పుడు ఏడవాల్సింది. అమ్మ వచ్చి పక్కన కూర్చుంది గానీ ఎందుకని అడగలేదు.